అమావాస్య నాడు కడిగే పెట్టె

కదిరి నుంచి తనకల్లు పోయే దోవలో ఉంది నల్లచెరువు. ఆ ఊళ్ళో ఒకామె గాలాలూ దారాలూ ఎరలూ అమ్మే అంగడి పెట్టుకుంది. వానే అరుదైన సీమలో గాలాల అంగడి ఎట్ల నడుస్తుందని మొదట్లో అడగని మనిషి లేడు. ఆమె ఎవరికీ బదులు చెప్పలేదు. చెర్లోపల్లి రిజర్వాయరుకు హంద్రీ-నీవా నీళ్ళు చేరినాక, వాన బాగా పడిన ఏడు చుట్టుపక్కల చెరువులు మరవ పోయినాక, ఆదివారం పూట గాలం పట్టుకొని వచ్చేవాళ్ళు పెరిగినారు. అంగడి నిలబడింది.

కట్లకూ రోహుకూ ఎర సులభం. చెనిక్కాయ చెక్క నానబెట్టి, తవుడు కలిపి ముద్ద చేస్తే చాలు. కొర్రమీనుకూ వాలుగకూ జెల్లకూ అది పనికిరాదు. అవి మాంసం తినే చేపలు. వాటికి చిన్న పరిగెలో రొయ్యలో కోడిపేగులో కావాలి. సీమ ఎండలో ఆ సరుకు పొద్దెక్కేలోపు వాసన కొడుతుంది. అందుకని ఆమె పొదుపు సంఘంలో అప్పు తీసుకొని, మూత పైకి లేచే డీప్ ఫ్రీజర్ ఒకటి కొనింది.

సీమలో చాలా అంగళ్ళకు ఉన్న అలవాటే ఆమెకూ ఉండేది. అమావాస్య నాడు అంగడి కడిగి, ముగ్గేసి, టెంకాయ కొట్టేది. ఆ పూట పెట్టె మూత ఎత్తి లోపలి గోడల మీద బొటనవేలు ఆనించి చూసేది. ఐసు పలచగా ఉంటే వదిలేసేది. పెన్సిలు మందం పట్టిందంటే ప్లగ్గు తీసేసేది. ఎర పొట్లాలన్నీ ఐసు ముక్కలతో థర్మాకోలు పెట్టెలోకి మార్చేది. ఖాళీ అయిన పెట్టెలో చెక్క పలక మీద వేడినీళ్ళ గిన్నె పెట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాను తిప్పేది. అడుగున ఉన్న బిరడా తీస్తే కరిగిన నీళ్ళు పళ్ళెంలోకి కారేవి. ఐసు గోడను తనంతట వదిలినప్పుడే చేత్తో తీసేది. కత్తి గానీ స్క్రూడ్రైవరు గానీ దగ్గరికి రానిచ్చేది కాదు. చివరికి వంటసోడా నీళ్ళతో తుడిచి, పొడిబట్టతో తడి ఒత్తి, మూత రబ్బరు మడతల్లో మురికి తీసి, వెనక జాలీ మీద దుమ్ము దులిపి, పెట్టెను ఖాళీగా నడిపించి, బాగా చల్లబడినాకే పొట్లాలు సర్దేది. ఆ పూటకు బేరం ఉండదు.

ఎర కట్టడంలోనూ ఆమెకొక పద్ధతి ఉండేది. ఒక్కొక్కరికి ఒక పూటకు సరిపోయేంత ఎర చిన్న కవర్లో పలచగా పరిచి, కాస్త ఉప్పు చల్లి, గాలి పిండేసి, తేదీ రాసి పెట్టేది. పాత పొట్లం పైకి, కొత్తది కిందికి.

ఒక ఏడు కూతురి కాన్పుకు ఆమె బెంగళూరు పోవలసి వచ్చింది. అంగడి మేనల్లుడికి అప్పగించింది.

"అమావాస్య మర్చిపోవద్దురా," అనింది బస్సెక్కుతూ.

"సరే అత్తా, నువ్వు నిమ్మళంగా పోయిరా."

తొలి అమావాస్య ఆదివారం పడింది. కదిరి నుంచి బండ్లేసుకొని మనుషులు వచ్చే రోజు. అంగడి మూస్తే ఆ పూట రాబడి పోతుంది. పిల్లవాడు లెక్క వేసుకున్నాడు, మూయలేదు. ఆ రోజు గల్లా నిండింది. రెండో అమావాస్యకు అతనికి లెక్క వేసే పని కూడా పడలేదు.

గోడల మీద తెల్లగా ఐసు పేరుకుంటూ వచ్చింది. మూత ఎత్తిన ప్రతిసారీ బయటి వేడిగాలి లోపలికి పోయి, అందులోని తేమ గోడకు పట్టుకునేది. రబ్బరు ఒక మూల చీలింది. అక్కడినుంచి రాత్రంతా గాలి దూరుతూనే ఉండేది. వచ్చినవాళ్ళు లోపలికి తొంగిచూసి, "పెట్టె ఏం కూలింగ్ కొడతాందప్పా!" అనేవాళ్ళు. అతను సంబరపడి ఇంకొకరికి చూపించడానికి మళ్ళీ మూత ఎత్తేవాడు.

రెండు గంపల సరుకు పట్టే చోట ఒక గంప పట్టేసరికి, పొట్లాలు నొక్కి కుక్కినాడు. మోటారు రాత్రింబగళ్ళు ఆగకుండా మోగుతుంటే బాగా పనిచేస్తోందనుకున్నాడు. కరెంటు బిల్లు పెరిగితే ఎండాకాలం కదా అనుకున్నాడు. ఐసు చల్లగానే ఉంది. గోడలోని గొట్టాల చల్లదనం మాత్రం దాన్ని దాటి సరుకుకు సరిగ్గా అందడం లేదు. పై పొట్లాలు పగలు మెత్తబడి, రాత్రి మళ్ళీ గడ్డకట్టేవి.

ఒక ఆదివారం రిటైరైన అయ్యవారొకాయన పొట్లం తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టినాడు. "అబ్బోడా, నీ ఎర గాలానికి నిలవడం లేదప్పా. నీళ్ళలో పడగానే ఊడిపోతాంది. చేపలు ముల్లు ముట్టకుండానే తిని పోతాండాయి. మీ అత్త కట్టిచ్చినప్పుడు ఇట్ల లేదే."

పిల్లవాడు పొట్లం విప్పి చూసినాడు. రొయ్యల అంచులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి, లోపల పిండి పిండిగా ఉంది. కరిగి గడ్డకట్టిన ప్రతిసారీ లోపలి నీరు పలుకులుగా మారి కండను చీలుస్తుంది. అట్ల చీలిన కండ గాలం ముల్లును పట్టుకోలేదు.

ఆ రాత్రే అత్త ఫోన్ చేసి, రేపు పొద్దున్నే వస్తున్నానని చెప్పింది. అతనికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఐసు కరిగేదాకా ఆగేందుకు వ్యవధి లేదు. స్క్రూడ్రైవరూ సుత్తీ తీసుకొని గోడ మీది ఐసు కొట్టడం మొదలుపెట్టినాడు. పెళ్ళలు పెళ్ళలుగా ఊడుతుంటే ధైర్యం వచ్చి ఇంకాస్త గట్టిగా కొట్టినాడు. సుయ్‌మని ఒక శబ్దం వచ్చి, కాసేపటికి ఆగిపోయింది. తెల్లవారేసరికి పెట్టె గోరువెచ్చగా ఉంది. మెకానిక్ వచ్చి చూసి, గొట్టం గోడ లోపల ఉందనీ, దాన్ని అతకాలంటే రేకూ లోపలి ఫోమూ కోయాలనీ, దానికయ్యే ఖర్చుకు ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుందనీ చెప్పి పోయినాడు.

అత్త వచ్చి పెట్టెలో చెయ్యిపెట్టి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు.

"అత్తా, ఐసు ఉంటే చల్లగానే ఉంటుంది కదా అనుకున్నా."

"ఐసు చల్లగానే ఉంటాదిరా. ఎరకు పోవాల్సిన చల్లదనం తానే అడ్డం నిలబడి ఆపుతాది."

"అంగడి మూస్తే ఆ పూట బేరం పోతాదని..."

"ఆ పూట బేరం నేను పెట్టె కొన్న రోజే లెక్కలోంచి తీసేసినా అల్లుడా. అది మనది కాదు, పెట్టెది."

ఆమె సంఘంలో మళ్ళీ అప్పు రాయించుకుంది. కొత్త పెట్టె వచ్చినాక వచ్చిన అమావాస్యకు అంగడి మూసి, వేడినీళ్ళు కాచింది అల్లుడే.

నీతి: బాగుచేసే పూటను నష్టంలో రాసుకున్నవాడు, చివరికి అసలునే నష్టంలో రాసుకుంటాడు.

ఈ నీతిని సీమ పెద్దలు చెరువుల దగ్గర నేర్చుకున్నారు. చెరువును నింపే నీరే పూడికనూ మోసుకొస్తుంది. పూడిన చెరువు కూడా కట్ట మీద నిలబడి చూసేవాళ్ళకు నిండుగానే కనబడుతుంది. ఎన్నాళ్ళు పారుతుందన్నది మాత్రం ఆయకట్టు రైతుకే తెలుస్తుంది. ఆ పెట్టెలో ఐసు చేసింది అచ్చంగా పూడిక చేసే పనే. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కడప సీమలో తవ్వించిన పోరుమామిళ్ళ చెరువుకు 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలూ, ఉండకూడని 6 దోషాలూ అందులో చెక్కించినారు. చెరువు కట్టినవాళ్ళకూ, దాన్ని బాగుచేస్తూ కాపాడేవాళ్ళకూ దశబంధం పేరుతో మాన్యం ఇచ్చే ఏర్పాటు ఈ సీమలో ఎన్నో తరాలు నడిచింది. నాకు అందులో గొప్పగా తోచేది ఒక్కటే: కాపాడే పనిని వాళ్ళు దయాధర్మానికి వదిలిపెట్టలేదు, దానికి భూమి రాసిచ్చినారు. మనం పెట్టె కొనడానికి అప్పు తెస్తాం, దాన్ని కడిగే మనిషికి ఒక పూట ఇవ్వడానికి వెనకాడతాం. చాలా ఇళ్ళలో, అంగళ్ళలో ఆ మనిషి ఆడమనిషే. ఆమె చేసిందాన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టరు. ఆమె లేని ఆరు నెలల్లో దాని విలువ బయటపడుతుంది.

గాలం ఎరకైనా, కోడిమాంసానికైనా, ఐస్‌క్రీముకైనా ఇలాంటి పెట్టె నడుపుతున్నవాళ్ళకు నాలుగు మాటలు. లోపల మైనస్ 18 డిగ్రీలు నిలవాలి. ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడి కావాలి, కాబట్టి ఆ పని గంటలు పడుతుంది. ఆ గంటలు ముందే కేటాయించుకోండి. ఇప్పటి పెట్టెలు చాలావాటిలో ఐసోబ్యూటేన్ వాయువు ఉంటుంది, అది మండుతుంది. గోడకు చిల్లు పడిందన్న అనుమానం వస్తే దగ్గర్లో మంట లేకుండా చూసి, స్విచ్చులు ముట్టకుండా తలుపులూ కిటికీలూ తెరవండి. కరెంటు పోయి వస్తే మోటారుకు అయిదు నిమిషాలు విరామం ఇవ్వండి. కరెంటు లేనంతసేపు మూత ఎత్తవద్దు. నిండుగా ఉన్న పెట్టె మూత తీయకుంటే రెండు రోజుల దాకా చల్లదనం నిలుపుకుంటుంది. ఉప్పు పట్టించిన ఎర ముల్లుకు బాగా నిలుస్తుంది, కానీ ఆ ఉప్పునీళ్ళు కారితే లోపలి రేకు తుప్పు పడుతుంది, కవరు గట్టిగా కట్టండి. ఎర పెట్టే చోట తిండి పెట్టవద్దు.

శివరాత్రి దాటితే ఎండ ముదురుతుంది. అంతకు ముందే ఒక పూట అంగడి మూయండి. మూతకూ అంచుకూ నడుమ కాగితం పెట్టి, మూత వేసి లాగి చూడండి. సులువుగా ఊడివస్తే రబ్బరు మార్పించండి. ఆ పూట పెట్టె కడిగినవాళ్ళకు, ఇంటిమనిషే అయినా సరే, కూలి లెక్కగట్టి చేతికివ్వండి.