తీర్పు చెప్పిన నోరు



పరుని తప్పు చూచుటకు మన కన్నులే చాలును. మన తప్పు మనకు కనబడవలెనన్న ఒక నాతాను రావలసియున్నది. సమూయేలు రెండవ గ్రంథము 11, 12 అధ్యాయములను ఆధారము చేసికొని ఈ మాసము దావీదు కోపమును గూర్చి ధ్యానింతము.

దావీదు ధర్మమెరుగనివాడు కాడు. విస్తారమైన మందలుండియు, అతిథి కొరకు బీదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను పట్టుకొనిన ధనవంతుని కథ వినగానే అతడు మండిపడెను. ఒకటికి నాలుగు చెల్లింపవలెననెను. నిర్గమకాండము 22వ అధ్యాయము చెప్పిన లెక్కయు అదియే. అయితే అతడు అంతటితో ఆగలేదు. వాడు మరణపాత్రుడనెను. గొఱ్ఱెను దొంగిలించినవానికి ధర్మశాస్త్రము మరణము విధింపలేదు. తన పాపమును కప్పుకొన్నవాడు ఎదుటివానిని శాస్త్రముకంటె కఠినముగా శిక్షింపగోరును. కాబట్టి మన కోపము హద్దు మీరినపుడు, ఎదుటివానికంటె ముందుగా మన హృదయమును పరీక్షించుకొనుట మేలు.

చంపబడిన ఊరియా ఎవడు? హిత్తీయుడు, అన్యజాతివాడు. అయినను 23వ అధ్యాయములోని దావీదు శూరుల పట్టికలో కడపటి పేరు అతనిదే. రాజు కొరకు పోరాడునప్పుడు అతడు మనవాడే. రాజు పాపము దాచుకొనవలసివచ్చినపుడు మాత్రము అతని ప్రాణము చులకనయయ్యెను.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసెను. దానిని పాటించువారిని శిక్షించుటకు 1955లో చట్టమును వచ్చెను. ఏ ఊరి బావియొద్దనో ఒకనిని అవమానించిరని వినినపుడు మనము మండిపడుదుము. మండిపడవలసినదే. కాని ఒక్క రొట్టెలో పాలుపొందినవారి యిండ్లలోనే, సంబంధము వచ్చినపుడు పిల్లవాని భక్తి యెట్టిది, నడత యెట్టిది అని అడుగుటకు ముందే "వారు మనవారేనా?" అను ప్రశ్న వినబడుచున్నది. మాల, మాదిగ, పెద్దకులము అను లెక్క కమిటీ ఎన్నికలనాడు సంఘపు గడప దాటి లోనికి వచ్చుచున్నది. ఊరిని గూర్చి మనము చెప్పిన తీర్పు మన గుమ్మము ముందే నిలిచియున్నది.

ఆత్మజ్ఞానము ఒంటరిగా కూర్చుండుటవలననే కలుగదు. దావీదునకు అది మరియొకని నోట వచ్చెను. అతడు నాతానును చెరలో వేయింపలేదు, సాకులు చెప్పలేదు, ఒక్కమాటలో ఒప్పుకొనెను. క్షమాపణ దొరకెను, అయినను పాపఫలము తప్పలేదు. మన సంఘములో చిన్నవాడో బీదవాడో లేచి, "అయ్యా, ఇది న్యాయమా?" అని అడిగినయెడల అతని నోరు మూయింపకుడి. ప్రభువు బల్లయొద్దకు రాకమునుపే అతని మాట ఆలకించుడి.

బత్షెబ దావీదునకు కనిన కుమారులలో ఒకని పేరు నాతాను అని దినవృత్తాంతముల మొదటి గ్రంథము 3వ అధ్యాయము తెలుపుచున్నది. గద్దించినవాని పేరు ఆ యింట ముద్దుపేరుగా పిలువబడినది. మన యిండ్లలోను సత్యము చెప్పువానికి అట్టి చోటు దొరకును గాక. ఆమేన్.