సంఘము తలుపు బయట

ఆరాధనకు కూడు విశ్వాసులను సంఘమందుము. కర్మాగారపు పనివారి కూటమిని గూడ సంఘమనియే పిలుతుము. రెండింటికిని ఒకటే పరీక్ష: తలుపు బయట నిలిచినవానికి లోపల చోటున్నదా?

మన పల్లెల యౌవనస్థులు పని వెదకుచు కాచిగూడ స్టేషనులో దిగుదురు. ఫ్యాక్టరీలో పని దొరికినను, అనేకులకది కంట్రాక్టరు చేతి క్రింది పనియే. ఒకే యంత్రమునొద్ద ఇద్దరు నిలిచిన, ఒకడు పర్మనెంటు, మరియొకడు క్యాజువల్. చెమట ఒకటే, కూలి వేరు. క్యాజువల్ పనివాడు నోరు తెరచి అడిగినచో రేపు రావద్దందురు. కాబట్టి సంఘము ఎవనికి మిక్కిలి అవసరమో వాడే అందులో చేరుటకు భయపడును.

ఈ పద్ధతిని అదుపుచేయుటకు 1970లో పార్లమెంటు చట్టము చేసెను. అయితే, ప్రభుత్వము ఒక పనిలో కంట్రాక్టును నిషేధించినంత మాత్రమున ఆ పనివారు కంపెనీ ఉద్యోగులు కానేరరని 2001లో సుప్రీంకోర్టు చెప్పెను. 2025 నవంబరులో ఆ చట్టమునకు బదులు క్రొత్త కార్మిక స్మృతి అమలునకు వచ్చెను. చట్టములు మారును; పొరుగువానియెడల మన బాధ్యత మారదు.

కాచిగూడకు అనతిదూరమున, ఆజామాబాదులోని వజీర్ సుల్తాన్ సిగరెట్ల కర్మాగారములో జరిగిన సంగతి ఆలోచించుడి. 250 మందికి మించి పనివారున్న ఫ్యాక్టరీలో క్యాంటీను ఉంచవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కోరెను. అక్కడి క్యాంటీనులో పనిచేయువారిని గూడ కంపెనీ పనివారిగా ఎంచవలెనని కార్మిక సంఘము కోర్టుకెక్కెను. హైకోర్టు అందుకు సమ్మతించెను. వ్యాజ్యము వేసిన నాటినుండి పనిలోనున్నవారి మట్టుకు ఆ మేలును 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు నిలిపెను.

చందా ఇచ్చినవారినే సంఘము చూడవలెనని కొందరందురు. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. అయినను, తక్కువ కూలికి దొరకువాడు గేటు బయట ఉన్నంతకాలము లోపలివాని ఉద్యోగమునకును భద్రత లేదు. లాభము లేకున్నను, తనకు అన్నము వడ్డించిన చేతిని మరచుట మనుష్యధర్మము కాదు.

ద్రాక్షతోట ఉపమానములో సాయంకాలమువరకు సంతవీధిలో నిలిచినవారు సోమరులు కారు. వారిని ఎవరును పిలువలేదు, అంతే.

పట్టణపు యజమానిని నిందించుటకు ముందు మన చేను చూచుకొందము. మనకు కలుపు తీసిన కూలివానికి ప్రొద్దు గ్రుంకకముందే కూలి ముట్టినదా? వాడు జబ్బుపడిన దినమున మనలో ఎవరైనను వాని గడప త్రొక్కితిమా?