విమోచకుడను పేరు

గత సంవత్సరము డిసెంబరు మాసమున సూరతు పట్టణమందలి తెలుగు విశ్వాసుల కూడికలలో వాక్యము చెప్పుటకు నేను వెళ్లితిని. ఆ పట్టణపు చీరలు మన ఊళ్ల అంగళ్లన్నిటిలోను కనబడును గాని, వాటిని నేయు మరమగ్గముల యొద్ద నిలుచువారిలో వేలకొలది తెలుగువారున్నారని అందరికిని తెలియదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చిన నేతపనివారు తరతరములుగా లింబాయత్, ఉధనా పేటలలో కాపురముండుచున్నారు. నేను బసచేసిన ఇంటి యజమాని అట్టివారిలో ఒకడు. మగ్గములను బాగుచేయు మేస్త్రీ, ప్రార్థనాపరుడు.

ఆయనకు పండ్రెండేండ్ల కుమారుడు కలడు. మొదటి సాయంకాలమున వాడు దీపము క్రింద కూర్చుండి ఒక విమానపు నమూనాను కూర్చుచుండెను. ముంబయిలోనున్న మేనమామ పుట్టినరోజు కానుకగా పంపిన పెట్టె అది. బూడిదరంగు ప్లాస్టిక్కు చట్రములకు అంటియున్న ముక్కలను బ్లేడుతో కోయుచు, అంచులను గరుకు కాగితముతో రుద్దుచు, జిగురు పూయకమునుపే రెండు ముక్కలు సరిగా కూడునో లేదో పట్టి చూచుకొనుచు వాడు చేయు పని ముచ్చటగా నుండెను. అది రెండవ ప్రపంచ యుద్ధకాలపు నాలుగు ఇంజనుల పెద్ద బాంబరు. నిజమైన విమానపు రెక్కలు ఈ కొననుండి ఆ కొనకు 110 అడుగులు. 72వ వంతుకు తగ్గించిన ఈ నమూనాలో అవి మూరెడు. ముక్కులో బరువు పెట్టనియెడల ఆ నమూనా తోకమీద కూలబడునట. అందుకై తండ్రి తన పనిముట్ల పెట్టెలోని రెండు చిన్న నట్లు ఇచ్చియుండెను. బాంబులుంచు గది తలుపులు చూపి, "చూడండి తాతగారూ, మన బట్టల మార్కెట్టులో దుకాణాల షట్టర్లలాగే ఇవి పైకి చుట్టుకుంటాయి" అని వాడు చెప్పెను.

భోజనమైన తరువాత తండ్రి నా యొద్దకు వచ్చి మెల్లగా ఇట్లనెను: "అయ్యగారూ, వాని చేతిపని చూచి సంతోషించి ఆ నట్లు నేనే ఇచ్చినాను. నిన్న ఆ చట్రములో చిన్న చిన్న బాంబులు కూడ చూచినాను. అప్పటినుండి నా మనస్సు బాగుండలేదు. సమాధానకర్త పుట్టిన పండుగనాడు మనుష్యులను చంపిన యంత్రము మన ఇంట ఉండవచ్చునా? మీరు పారవేయమంటే పారవేయిస్తాను."

నేను జవాబు వెదకుచుండగా కుమారుడు పెట్టె మూత పట్టుకొని వచ్చెను. "తాతగారూ, దీని పేరు లిబరేటర్. లిబరేటర్ అంటే విడిపించేవాడని మా టీచరు చెప్పింది. యేసు ప్రభువును మనము విమోచకుడంటాము గదా. అది, ఇది ఒకటే మాటనా?"

తండ్రి అడిగిన ప్రశ్నకంటె కుమారుడడిగిన ప్రశ్న లోతైనది. ఆ రాత్రి నాకు చాలసేపు నిద్ర పట్టలేదు.

లిబరేటరు విమానములను అమెరికాలో 18,000కు పైగా నిర్మించిరి. 1944లో మిచిగాన్ రాష్ట్రమందలి విల్లో రన్ అను చోట ఫోర్డు కంపెనీవారి కర్మాగారమునుండి గంటకొక విమానము వెలువడెను. మన దేశమునకును వాటితో సంబంధము కలదు. యుద్ధము ముగిసిన తరువాత కాన్పూరులో పాడుచేసి విడిచిపోయిన లిబరేటర్లలో దాదాపు నలుబదింటిని బెంగుళూరు హిందుస్థాన్ విమాన కర్మాగారమువారు 1948 మొదలుకొని బాగుచేసిరి. మన వైమానిక దళము వాటిని 1968 వరకు వాడెను. అంతకుముందు యుద్ధము జరుగుచుండగా, బెంగాలులోని విమానక్షేత్రములనుండి ఇవే విమానములు బర్మా మీదికి వెళ్లి జపానువారి రైలు మార్గములను, వంతెనలను, రంగూను రేవును కొట్టివచ్చుచుండెను.

రంగూను అను మాట వినగానే కోస్తా జిల్లాల పాత కుటుంబములలో ఎవరో ఒకరు నిట్టూర్చుదురు. 1931 జనాభా లెక్కల ప్రకారము ఆ పట్టణస్థులలో సగముకంటె ఎక్కువమంది భారతీయులే. ఓడరేవులో మూటలు మోసినవారిలోను, బియ్యపు మిల్లులలో పనిచేసినవారిలోను గోదావరి, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి ఓడలెక్కి పోయిన తెలుగువారు చాలమంది. 1941 డిసెంబరు 23న జపాను విమానములు ఆ పట్టణముపై బాంబులు వేసెను. ఆ ఒక్క దినముననే వేయిమందికి పైగా చనిపోయిరి. క్రిస్మసు దినమున మరల వచ్చి వేసెను. లక్షలకొలది భారతీయులు కొండలు అడవులు దాటి కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. వేలకొలది దారిలోనే రాలిపోయిరి. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమైన తరువాత, మిత్రరాజ్యముల విమానములు వచ్చి అదే రేవుపై బాంబులు వేసెను. పైన ఎగురు విమానముల గుర్తులు మారెను, క్రిందనున్నవారు మారలేదు.

మా తాతగారి తమ్ముడు ఆ రేవులో కూలి. నడువలేని జబ్బు మనిషియగుటచే ఆయన అక్కడనే ఉండిపోయెను. 1942 తరువాత ఉత్తరములు లేవు. యుద్ధానంతరము తిరిగివచ్చిన గ్రామస్థుడొకడు, బాంబుల వలన పోయెనని మాత్రము చెప్పెను. ఏ సంవత్సరమో, ఏ పక్షమువారి బాంబో అతడెరుగడు. నేను కళాశాలలో చదువుకొను దినములలో, యుద్ధచరిత్ర తెలిసినవాడనను గర్వముతో, అది జపానువారిదై యుండునని మా చిన నాయనమ్మకు వివరింపబోయితిని. ఆమె బియ్యములో రాళ్లు ఏరుచు తల యెత్తకయే, "ఎవరు వేస్తేనేమి నాయనా, క్రింద ఉన్నది మీ చిన తాతే గదా" అనెను.

ప్రియ చదువరీ, ఆ యుద్ధములో రెండు పక్షములును సమానమని నేను చెప్పుటలేదు. అన్యాయముగా ఆక్రమింపబడిన దేశము విడిపింపబడవలసినదే. ఆ విమానములలో కూర్చున్న యువకులను తీర్పు తీర్చుటకును నాకు అర్హత లేదు. వారిలో అనేకులు తిరిగి రాలేదు. నా ప్రశ్న వేరు. ఎత్తునకు పోయినకొలది క్రిందనున్న మనిషి చిన్నవాడగును; మరింత ఎత్తునకు పోయిన కనబడనే కనబడడు. కనబడనివానిని గూర్చిన బాధ్యత కూడ అట్లే తగ్గిపోవునా?

యంత్రయుగము ఈ ప్రశ్నను మరింత కఠినము చేసినది. కర్మాగారములో మేకులు బిగించినవాడు మేకులే బిగించెను. దారి చూపినవాడు పటమునే చూచెను. విమానము నడిపినవాడు దానిని తిన్నగా పట్టుకొనెను. మీట నొక్కినవాడు ఆజ్ఞను నెరవేర్చెను. ఎవని పని వాడు చక్కగా చేసెను. పట్టణము మాత్రము కాలిపోయెను. అందరును కలిసి చేసిన పనిలో ఎవని పాలు ఎంతయని అడుగబోయిన, ప్రతివాడును ప్రక్కవానిని చూపును. ఏదెను తోటలో మొదలైన అలవాటు ఇదియే గదా!

అయినను యుద్ధము నడుచుచుండగనే ఈ ప్రశ్న నడిగిన దైవజనుడొకడు కలడు. 1944 ఫిబ్రవరి 9న చిచెస్టరు బిషప్పు జార్జి బెల్ ఇంగ్లండు ప్రభువుల సభలో లేచి, జర్మనీ పట్టణములను సమూలముగా నాశనము చేయుట న్యాయమా యని తన ప్రభుత్వమునే ప్రశ్నించెను. ఆయన హిట్లరు పక్షపువాడు కాడు. హిట్లరు బాధకు పారిపోయి వచ్చినవారికి ఆశ్రయము కల్పించినవాడు. స్వజనుల కోపమును సహించి, క్రిందనున్నవారి పక్షమున ఆయన మాటలాడెను.

అట్లయిన పైనుండి మేలు రాదా? వచ్చును. 1945 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఇవే లిబరేటర్లు ఆగ్నేయాసియాలోని యుద్ధఖైదీల శిబిరములపై ఆహారమును మందులను జారవిడిచెను. యంత్రమునకు హృదయము లేదు. దానిలో ఏమి నింపితిమో దానినే అది రాల్చును. నేను ఈ మాట చెప్పినప్పుడు మేస్త్రీ తలయూపి తన అనుభవము చెప్పెను. 2006 ఆగస్టులో తాపీనది పొంగి సూరతు పట్టణమును ముంచినప్పుడు, వారి వీధివారందరు డాబాలమీద ఉండిరట. హెలికాప్టర్లు వచ్చి ఆహారపు పొట్లములు వేసెను. కొన్ని డాబాలమీద, కొన్ని నీళ్లలో పడెను. "అవి వేసినవారిని దేవుడు దీవించును గాక. కాని అయ్యగారూ, మూడవనాడు మా ప్రక్కింటి గుజరాతీ ముసలాయన మెడలోతు నీళ్లలో తాడు పట్టుకొని వచ్చి మంచినీళ్ల బిందె అందించినాడు. ఆయన ముఖము నేను మరువలేను" అనెను.

అప్పుడు నాకు దారి కనబడినది. యోబు గ్రంథములో విమోచకుడని మనము చదువు మాటకు హెబ్రీ మూలము గోయేల్. అప్పులలో మునిగిన బంధువు పొలమును, బానిసగా అమ్ముడుపోయిన బంధువును విడిపింపవలసిన దగ్గరి చుట్టమని ఆ మాటకు అర్థము. పరాయివాడు గోయేల్ కానేరడు. విమోచకుడగుటకు మొదట రక్తసంబంధియై యుండవలెను. మోషేతో మాటలాడిన దేవుడు తన ప్రజల బాధ చూచితిననియు, వారి మొర వింటిననియు చెప్పి ఊరకుండలేదు. దిగివచ్చి యున్నానని చెప్పెను. సొదొమను శిక్షింపకమునుపు సహా ఆయన దిగి చూచెను; దుష్టులతోకూడ నీతిమంతులు నాశనమగుదురా యని అబ్రాహాము నిలువరించి అడుగగా ఓపికతో వినెను. నీనెవెను గూర్చి యోనా కోపగించుకొన్నప్పుడు, కుడియెడమలెరుగని లక్ష యిరువదివేల ప్రాణులను, పశువులను సహా లెక్కపెట్టి చెప్పెను. యోనా కూడ పట్టణమునకు వెలుపల, దూరముగా కూర్చుండియే దాని నాశనముకొరకు కనిపెట్టుచుండెను.

క్రిస్మసు అనగా ఇదియే. మన విమోచకుడు ఆకాశమునుండి విడుదలను జారవిడిచి వెళ్లలేదు. ఆయన పశువుల తొట్టిలో పరుండెను. హేరోదు కత్తి క్రింద పుట్టి, తల్లి ఒడిలో ఐగుప్తునకు పారిపోయెను. కాలినడకను దేశమువిడిచినవారి దుమ్ము ఆయన పాదములకును అంటెను. చంపువారి స్థానములో కాక, చంపబడువారి స్థానములో ఆయన నిలిచెను.

ఇది వ్రాయుచు నేను నా తప్పును దాచుకొనజాలను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సంఘపు ఆర్థిక కమిటీలో నేను సభ్యుడను. నిధులు చాలకపోగా, నెలనెల సహాయము పొందువారి జాబితాలోనుండి కొన్ని పేర్లు కొట్టివేసితిమి. తీర్మానము క్రమముగానే వ్రాయబడెను. అందరితో పాటు నేనును సంతకము చేసితిని. కొట్టివేసిన పేర్లలో ఒక విధవరాలి పేరు కలదు. ఆమె ఇల్లు మా ఇంటికి ఫర్లాంగు దూరము. పదకొండు నెలలు నేను ఆ వీధికి పోలేదు. పోయినప్పుడు ఆమె నన్ను కుర్చీ వేసి కూర్చుండబెట్టి, ఒక్క నిష్ఠురపు మాటయైన పలుకక, పాలులేని టీ ఇచ్చెను. ఏ బాంబరు ఎక్కకుండనే, ఒక బల్లయొద్ద కూర్చుండి, నేను ఎంత ఎత్తునకు పోయితినో అప్పుడు తెలిసినది.

సహోదరులారా, కమిటీ బల్లలు, కార్యాలయపు కాగితములు, జీతముల పట్టీలు, ఇవన్నియు మనలను నేలనుండి లేవనెత్తును. అవి లేక లోకము నడువదు. వాటిలో పనిచేయుట పాపము కాదు. కాని సంతకము చేయకమునుపు ఒకసారి దిగి చూడవలెను. దిగి చూచిన తరువాత కూడ కొన్ని కఠిన నిర్ణయములు తప్పకపోవచ్చును. అప్పుడు కనీసము ఎవరిమీద పడునో ఎరిగి, వారి ముఖము కన్నుల యెదుట నుంచుకొని, భయముతో చేయుదుము.

మరునాటి ఉదయమున బాలునితో, "బాబూ, మాట ఒకటే, పని ఒకటి కాదు. నీ విమానము పైనుండి విడిపింపజూచెను. మన ప్రభువు క్రిందికి వచ్చి విడిపించెను" అని చెప్పి, మా చిన తాతగారి కథ వినిపించితిని. తండ్రితో, "పారవేయవద్దు. చేతిపని దేవుడిచ్చినదే. పారవేసిన మరచిపోవును, ఉంచిన అడుగుచుండును" అంటిని. వాడు చాలసేపు పెట్టెలోనికి చూచి, "తాతగారూ, ఇందులో విమానముంది, నడిపేవాళ్లున్నారు, బాంబులున్నాయి. క్రింద మనుషులు లేరు" అనెను.

ఫిబ్రవరిలో మేస్త్రీ ఒక ఛాయాచిత్రము పంపెను. నమూనా పూర్తియైనది. దాని క్రింద చెక్కపలకమీద వాడు ఒక నది, ఓడరేవు, కొన్ని గుడిసెలు చేసియుంచెను. రేవులో మూట మోయు మనిషి కలడు. అదే కొలత ప్రకారము చేసినందున ఆ మనిషి అంగుళమైనను లేడు, వెదకినగాని కనబడడు. బాంబులు జిగురుతో అంటింపబడక ప్రక్కన చిన్న డబ్బాలో ఉన్నవట.

నేను ఆ చిత్రమును నా బల్లమీద ఉంచుకొంటిని. ఏదైన కాగితముమీద సంతకము చేయవలసి వచ్చినప్పుడు, ముందుగా ఆ రేవులోని మనిషిని వెదకి చూచుచున్నాను.