వృత్తి ప్రావీణ్యము – వివేకము

పెద్ద చదువు చదివి ఒక వృత్తిలో పేరుగాంచినవాడు అన్ని విషయములందును వివేకవంతుడే యగునా? ఈ ప్రశ్న గృహములలో తరచుగా ఎదురగునదే. ఇంట ఒకడు వైద్యుడైనచో పెండ్లి సంబంధమునకు, భూమి క్రయమునకు, అన్నదమ్ముల తగవునకు గూడ అతని మాటయే తుది తీర్పగుచున్నది.

2024వ సంవత్సరమున ‘డిజిటల్ అరెస్టు’ అను మోసము దేశమంతట వ్యాపించినది. మోసగాండ్రు పోలీసు దుస్తులతో వీడియోలో కనబడి, కేసు కలదని, గది విడిచి కదలరాదని బెదరించి ధనము కాజేసిరి. హైదరాబాదులో ఈ వలలో చిక్కినవారిలో వైద్యులు, ఇంజనీర్లు, పదవీ విరమణ చేసిన ఉద్యోగులును కలరు. అట్టి అరెస్టు ఏ చట్టమునందును లేదు. ఆ మాటనే 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆకాశవాణి ప్రసంగమున ప్రజలకు చెప్పవలసివచ్చినది. రోగి చెప్పిన దానిని పరీక్షించి గాని నమ్మని వైద్యుడు, ముక్కు మొగము తెలియనివాని మాటను భయముచే పరీక్షింపక నమ్మెను.

ఇది నేటి వింత గాదు. గురుత్వాకర్షణ సూత్రమును లోకమునకు తెలిపిన న్యూటను 1720లో లండనున సౌత్ సీ కంపెనీ వాటాలు కొని గొప్ప నష్టము పొందెను.

కారణమేమి? స్వవృత్తిలో తప్పు చేసినచో ఫలితము త్వరలోనే కనబడును. మందు పనిచేయనిచో రోగి మరల వచ్చును. పద్దు తప్పినచో లెక్క కుదరదు. ఇట్లు వేలమారులు దిద్దుకొనగా నైపుణ్యము అలవడును. ఆ దిద్దుబాటు వృత్తి పొలిమేర దాటి రాదు. ధీమా మాత్రము దాటి వచ్చును. ఆపద ఇచ్చటనే యున్నది.

అబ్దుల్లాపూర్‌మెట్ ప్రాంతమున విజయవాడ రహదారి వెంట పొలములెన్నో ఇండ్ల స్థలములైనవి. వంతెన మోయు బరువును తప్పులేక గణించు ఇంజనీరు, అట్టి చోట రంగుల పటము చూచి చెరువు శిఖములోని స్థలము కొనవచ్చును. వానకాలమున అచట నీరు నిలుచునని ఆ నేలపై పశువులను మేపిన వృద్ధునకు తెలియును. అడుగవలసినది ఎవరిని?

అట్లని విద్యను తృణీకరింపరాదు. జ్వరమునకు వైద్యునే ఆశ్రయింపవలెను. అచట ఆ వృద్ధుని మాట చెల్లదు. ఎవరి మాటకైనను విలువ, ఆ విషయమున వారికిగల అనుభవమును బట్టియు, వారు చూపు హేతువును బట్టియు కలుగును గాని, బిరుదును బట్టి గాదు.

బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారాధిపతి. ఐనను అనుభవ మంటపమున పడవ నడుపు చౌడయ్య, బట్టలుతుకు మాచయ్య ఆయనతో సమముగా కూర్చుండి చర్చించిరని సంప్రదాయము చెప్పుచున్నది. అచట పదవి ప్రమాణము గాలేదు.

కావున ఇంటి పెద్దలు “నీవేమి చదివితివి?” అని గాక, “ఇది నీకెట్లు తెలిసినది?” అని అడుగుట మేలు. ఆ ప్రశ్నను ఇతరులకంటె ముందు తనకు తానే వేసికొనువాడు, ఏ వృత్తివాడైనను, వివేకి.