ఆడమ్ వాళ్ళ నాన్న

విరుదునగర్ జిల్లా తిరుచ్చులిలో భూమినాథస్వామి గుడి దగ్గర సుందరమందిరం ఉంది. 1879 డిసెంబరు 30న, ఆరుద్ర దర్శనం వేళ, వెంకటరామన్ పుట్టిన ఇల్లు అది. పన్నెండేళ్ళకే తండ్రి సుందరమయ్యర్ దూరమయ్యాడు. ఆ పిల్లవాడే తర్వాత రమణ మహర్షి అయి, తండ్రి కోసం బెంగపెట్టుకున్న మరో పసివాడి మొర విన్నాడు.

ఆర్థర్ ఆస్బోర్న్ ఆంగ్లేయుడు. బాంకాక్‌లోని చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు. 1941లో భార్య లూసియాను, ముగ్గురు పిల్లలను మహర్షి ఉండే తిరువణ్ణామలైలో ఉంచి ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఆ డిసెంబరులోనే జపాన్ సేనలు థాయిలాండ్‌లో దిగాయి. ఆయన్ని నిర్బంధ శిబిరంలో పెట్టారు. లూసియా పుట్టిన పోలండ్ అప్పటికే నాజీల చేతిలో ఉంది. ఆష్విట్జ్ శిబిరం ఉన్నది ఆ నేలమీదే.

ఆస్బోర్న్ మూడున్నరేళ్ళు బందీగా ఉన్నాడు.

నాన్నను క్షేమంగా తీసుకురమ్మని ఆస్బోర్న్ కొడుకు చిన్న ఆడమ్ రమణ భగవాన్‌ను వేడుకున్నాడు. 1945లో యుద్ధం ముగిసింది, నాన్న వచ్చాడు. ఆ ఉదయం అరుణాచల కొండ మీద నడిచి వచ్చిన భగవాన్ కీళ్ళనొప్పులతో కాస్త వంగి హాల్లోకి అడుగుపెట్టారు. సోఫా మీద సర్దుకుని కూర్చోగానే ఆస్బోర్న్‌ను చూసి నవ్వారు. ఆడమ్ ప్రార్థన ఫలించిందని, వాళ్ళ నాన్న క్షేమంగా వచ్చేశాడని చుట్టూ ఉన్నవాళ్ళతో అన్నారు.

ఈ కథ చెప్పి, భక్తికి తిరుగులేదని ముగించడం నాకు చేతకాదు. నాజీలు అరవై లక్షల మంది యూదులను చంపారు. నాజీ శిబిరాల్లోనూ పిల్లలు దేవుణ్ణి పిలిచారు. వాళ్ళ నాన్నలు రాలేదు, ఆ పిల్లల్లోనూ ఎందరో మిగల్లేదు. వాళ్ళ ప్రార్థనలో లోపముందని అనగల నోరు ఏ భక్తుడికీ ఉండకూడదు.

ఆస్బోర్న్ నిజాయితీ నాకు ఇక్కడే నచ్చుతుంది. చెర వదిలి వచ్చి, గురువు ఎదుట కూర్చున్న ఆ మొదటి ఉదయం తనకు గొప్ప అనుభూతి ఏదీ కలగలేదని, అంతకుముందు చూసిన ఫొటోలే ఎక్కువ కదిలించాయని రాసుకున్నాడు. కొన్ని వారాల తర్వాత, అరుణాచల శిఖరాన కార్తీక దీపం వెలిగే సాయంత్రం, భగవాన్ లేచి కూర్చుని సూటిగా ఆయన వైపు చూశారు. ఆ చూపు లోపలికంటా దిగిందట. శిబిరం తలుపులు యుద్ధం ముగియగానే తెరుచుకున్నాయి. మనసుకు మరికొంత కాలం పట్టింది. అంతవరకూ ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు.

1954లో ఆయన రాసిన రమణుల జీవితచరిత్ర వెలువడింది. 1964లో ఆశ్రమం నుంచి ‘మౌంటెన్ పాత్’ పత్రిక మొదలుపెట్టి, 1970లో కన్నుమూశాడు.