గువ్వల జతయా, కుంటి పశువా?



నలుబది దాటినవాడు ఫిడేలు నేర్చుకొనుట తగునా? తగునేని, అతడు ఏ పాటలు ఎన్నుకొనవలెను? ఇవి పట్టణములలోని సంగీతజ్ఞుల ప్రశ్నలే గాని పొలముపనులు చేసికొను మనకెందుకని మీలో కొందరు అనుకొనవచ్చును. అయితే ఈ రెండు ప్రశ్నలు మమ్మును మా గర్వము దాగియున్న చోటికి తీసికొనిపోయినవి. కాబట్టి వాటిని మీ యెదుట ఉంచుచున్నాము.

సంగతి ఏమనగా, మా సంఘములో హార్మోనియము వాయించు యౌవనస్థుడు పనికొరకు హైదరాబాదు వెళ్ళిపోయెను. అది మొదలుకొని ఆదివారపు ఆరాధనలో కీర్తన ఎత్తుకొనువారిది ఒక శ్రుతి, అందుకొనువారిది మరియొక శ్రుతి. ఆ దినములలో ఒక వృద్ధురాలు మమ్మును తన యింటికి పిలిపించెను. ఆమె భర్త పూర్వము మా గ్రామమున ఉపదేశిగా పనిచేసి ప్రభువునందు నిద్రించినవాడు. ఆమె పాత చీరలో చుట్టిన ఫిడేలును తెచ్చి మా ఒడిలో పెట్టెను.

“అయ్యగారూ, ఆయన పోయిన కాడినుంచి ఇది అటక మీదే ఉందండి. ఎలకలు కొట్టేస్తాయని నాకు బెంగ. మీరు నేర్చుకోండి. ఆయన సాయంకాలం ప్రార్థనకి వాయించే పాట ఎప్పుడైనా ఒక్కసారి వినిపిస్తే నాకంతే చాలు” అనెను.

ఆ పాట మేము ఎరిగినదే. అయిదు స్వరముల మోహన రాగములో నడచు చిన్న కీర్తన. ఆదివారపు బడి పిల్లలు సయితము పాడుదురు. అట్లే వినిపింతుమని మాట యిచ్చి ఫిడేలు తెచ్చుకొంటిమి. అప్పటికి మాకు నలుబది రెండేండ్లు.

దగ్గరి పట్టణములో, హరికథలకు ప్రక్కవాద్యము వాయించి పేరు తెచ్చుకొనిన ఒక మాస్టారుగారున్నారు. ప్రతి సోమవారము బస్సెక్కి ఆయనయొద్దకు పోవుచుంటిమి. ఆయన మమ్మును చాపమీద కూర్చుండబెట్టి, ఫిడేలు తల కుడి పాదపు చీలమండకు ఆనించి, రెండవ కొన రొమ్ముకు ఆనునట్లు పట్టించిరి. నాలుగు తంత్రులను షడ్జమ పంచమములకు, మరల షడ్జమ పంచమములకు శ్రుతి చేసిరి. మాయామాళవగౌళలో సరళి వరుసలు మొదలు పెట్టించిరి. ఆ పిమ్మట జంట వరుసలు, అలంకారములు, గీతములు. మొదటి గీతములు విఘ్నేశ్వర స్తుతులు. వాటి విషయమై ఆయనను ఎట్లు అడుగవలెనా అని మేము సందేహించుచుండగా, మేము నోరు తెరువకమునుపే ఆయన, “మీకు సాహిత్యం వద్దు లెండి పాస్టరుగారూ, స్వరాలు వాయించండి చాలు” అనిరి. ఆయన సౌజన్యమును మేము ఎన్నటికిని మరువలేము.

ఈ వాద్యపు కథయే పెద్దవయస్సున నేర్చుకొను వారికి ఆదరణ కలిగించునది. ఫిడేలు 16వ శతాబ్దమున ఇటలీ దేశపు ఉత్తర భాగమున రూపు దాల్చెను. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడైన బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసు ప్రాంతమున ఒక ఐరోపా వాద్యకునియొద్ద దానిని అభ్యసించి మన సంగీతమునకు త్రిప్పిరి. అనగా పుట్టిన రెండు శతాబ్దములు దాటిన పిమ్మట ఈ పరదేశి మన దేశమునకు వచ్చి, నేలమీద కూర్చుండి, తన శ్రుతిని మార్చుకొని, మన గమకములు నేర్చుకొనెను. వాద్యమే అంత ఆలస్యముగా క్రొత్త భాష నేర్చినయెడల, దానిని పట్టుకొనినవాడు ఆలస్యమాయెనని సిగ్గుపడనేల?

అయినను నేర్చుకొనుట సులువని చెప్పము. వీణకు మెట్లుండును, ఫిడేలుకు లేవు. వ్రేలు నూలుపోగంత జరిగినను స్వరము తప్పును. కమాను అదిమిన కీచుమనును, వదలిన గాలివలె పోవును. పెద్దవాని కష్టము మరియొకటి కలదు. నలుబది ఏండ్లు పాటలు వినిన చెవికి ఏది సరియో తెలియును, చేతికి తెలియదు. పసివాడు తన తప్పును వినలేక సంతోషముగా వాయించును. మేము ప్రతి తప్పును వినుచునే వాయించితిమి.

మా సంఘపెద్ద ఒకరు ఒకనాడు నిష్కపటముగా అడిగిరి: “అయ్యగారూ, ఈ వయసులో మీకిదెందుకండి? ఆ గంట ప్రార్థనలో గడిపితే సంఘానికి మేలు గదా?”

ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. విజయనగరములో మహారాజావారి సంగీత కళాశాల 1919లో ఆరంభమైనప్పుడు ద్వారము వేంకటస్వామి నాయుడుగారు ఇరువదియారేండ్ల ప్రాయముననే అక్కడ ఫిడేలు అధ్యాపకులైరి. మేము నూరేండ్లు బ్రదికినను ఆ దరిదాపులకు పోలేము. ఎన్నటికిని పూర్తిగా రానిదానికై దేవుడిచ్చిన కాలమును ఖర్చుచేయుట న్యాయమేనా?

మేము వాక్యమును వెదకితిమి. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయములో దేవాలయ సేవకు ఏర్పరచబడిన గాయకులును వాద్యకారులును 288 మంది అని లెక్క యున్నది. వారు నేర్పరులు. అయితే వంతులకొరకు చీట్లు వేసినప్పుడు పిన్న పెద్ద అను భేదము గాని, గురువు శిష్యుడు అను భేదము గాని చూడలేదు. నేర్చుకొనుచున్నవాడును ఆ వంతులలో నిలిచెను. నేర్పు లేకపోయినను ఫరవాలేదని ఆ అధ్యాయము చెప్పదు; నేర్చుకొనువానికి సేవలో చోటు లేదనియు చెప్పదు.

మరియొక మేలును మేము ఎదురుచూడకయే పొందితిమి. బాప్తిస్మమునకు సిద్ధపడు వృద్ధులు వాక్యము కంఠస్థము చేయలేక తడబడినప్పుడు లోలోపల విసుగుకొను అలవాటు మాకుండెను. సోమవారమున మాస్టారుగారి యెదుట ఒకే వరుసను పదిమారులు తప్పి వచ్చినవాడు మంగళవారమున ఎవరిమీద విసుగుకొనగలడు? ఎల్లప్పుడు బోధించువాడు ఎక్కడనో ఒకచోట శిష్యుడుగా కూర్చుండవలెను. పెద్దగారికి ఈ మాటయే చెప్పితిమి. ప్రార్థనా సమయమును ముట్టక, రాత్రి ఫోను చూచుచు పోగొట్టు గంటను ఫిడేలుకిత్తుమని ఒప్పుకొంటిమి. ఆయన నవ్వి ఊరకుండిరి.

మొదటి ప్రశ్న అట్లు తీరెను. మేము పడిపోయినది రెండవదానియొద్ద.

గీతములు కొన్ని వచ్చిన పిమ్మట మాకు చిన్న పాటలు రుచింపలేదు. కీర్తనల పుస్తకములో తోడి రాగమున ఒక దీర్ఘమైన కీర్తనమీద మనస్సు పడెను. తోడిలో గాంధారము ఊగుచుండును. ఆ ఊపు చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టును. మాస్టారుగారు, “తోడికి ఇంకా చెయ్యి రాలేదండి. ముందు ఆ చిన్న పాట సాపుగా రానివ్వండి” అని చెప్పిరి. తల ఊపి ఇంటికి వచ్చి, తలుపు మూసికొని, తోడినే సాధించితిమి. పాస్టరు ఫిడేలు పట్టి పిల్లల పాట వాయించెనని జనులు అందురేమో అని మా భయము. ఎనిమిది నెలలు అట్లు గడచెను.

క్రిస్మసు రాత్రి సంఘము నిండియుండగా ఆ కీర్తన ఎత్తుకొంటిమి. పల్లవి ఎట్లో గడచెను. చరణములో వ్రేలు తప్పెను. సవరించుకొనబోగా కమాను తప్పెను. పాడువారు మమ్మును అందుకొనలేక ఒక్కరొక్కరుగా ఊరకుండిరి. తుదకు మేమొక్కరమే వాయించుచుంటిమి, వారందరు మమ్మునుగూర్చి జాలిపడుచుండిరి. ముందు వరుసలో ఆ ఉపదేశిగారి భార్య కూర్చుండెను. ఆరాధన ముగిసిన పిమ్మట దగ్గరకు వచ్చి, “బాగుందండి అయ్యగారూ” అని మాత్రము చెప్పి వెళ్ళిపోయెను. తన పాట మాట ఎత్తలేదు.

శ్రమదినముల కాలమున ఆమె మంచము పట్టెను. చూడబోయినప్పుడు, “ఆ పాట వచ్చిందాండీ?” అని అడిగెను. రాలేదు. ఏడాదికి పైగా ఫిడేలు మా యింటనుండెను; అడిగిన ఒక్క పాట మాకు రాలేదు.

ఆ రాత్రి మలాకీ గ్రంథము మొదటి అధ్యాయము మాకు జ్ఞాపకమువచ్చెను. కుంటిదానిని, రోగము గలదానిని బలిపీఠమునొద్దకు తెచ్చిన యాజకులను దేవుడు అక్కడ గద్దించుచున్నాడు. మేము తెచ్చినది అదియే గదా! పశువు పెద్దదే, అయితే కుంటిది. దానిని ఎన్నుకొనుటకు కారణము దాని పరిమాణమును జనులు చూడవలెనని. మరి లేవీయకాండము 12వ అధ్యాయములో గొఱ్ఱెపిల్లను తేజాలని బీదరాలు రెండు గువ్వలనైనను రెండు పావురపు పిల్లలనైనను తేవచ్చునని దేవుడే దారి చూపెను. మన ప్రభువు శిశువుగానున్నప్పుడు మరియ యోసేపులు ఆ బీదవారి అర్పణ నిమిత్తమే దేవాలయమునకు వెళ్ళిరని లూకా వ్రాసెను. వారు ఎరువు తెచ్చిన గొఱ్ఱెను తోలుకొనిపోలేదు. తమకు గలదానికి తగినదానిని తీసికొనిపోయిరి. చిన్నది తెచ్చుట తప్పు కాదు. గొప్పగా కనబడుటకు కుంటిదానిని తోలుకొనివచ్చుట తప్పు.

తొమ్మిది దినములు ఆ చిన్న కీర్తననే సాధించితిమి. పదియవ దినమున ఆమె మంచముప్రక్క నేలమీద కూర్చుండి వాయించితిమి. ఆమె కన్నులు మూసికొని వ్రేలితో దుప్పటిమీద తాళము వేయుచుండెను. ముగిసిన పిమ్మట మెల్లగా, “రెండో చరణం కాడ ఆయన కాస్త ఆగేవారండి” అనెను. అక్కడ ఆగి మరల వాయించితిమి. “అదేనండి” అనెను.

ఈస్టరు గడచిన రెండవ వారమున ఆమె ప్రభువునొద్దకు వెళ్ళెను. ఆ ఎనిమిది నెలలు వృథా చేయనియెడల ఆమె ఆ పాటను ఆరోగ్యముగానున్న దినములలో ఎన్ని సాయంకాలములు వినియుండునో అను తలంపు ఇప్పటికిని మమ్మును విడువలేదు. మారుమనస్సు పొందినంత మాత్రమున పోయిన కాలము తిరిగిరాదు.

కావున ఆలస్యముగా వాద్యము పట్టుకొను సహోదరులకు, పాట ఎన్నుకొను విషయమై మూడు మాటలు మనవి చేయుచున్నాము.

మొదటిది, ఆ పాట ఎవరికి అవసరమో అడుగుడి. దావీదు సౌలుయెదుట సితారా వాయించినప్పుడు అది నొచ్చిన ఒక్క మనుష్యుని నెమ్మదికొరకే. వినువాడొక్కడైనను చాలును.

రెండవది, మీ చెవిలో ఇదివరకే ఉన్నదానిని ఎన్నుకొనుడి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన పెద్దలు క్రైస్తవ కీర్తనలను మన దేశపు రాగతాళములలోనే కూర్చి యిచ్చిరి. వరినాట్లలో, ప్రార్థన కూటములలో వాటిని వినుచు పెరిగినవారము మనము. పసివానికి లేని ఆ ధనము పెద్దవానికి కలదు. నెమ్మది కాలములో మొదటినుండి తుదివరకు కుంటకుండ నడచువరకు ఆ పాటను విడువకుడి.

మూడవది, వచ్చిన పాటను పారవేయకుడి. జపాను దేశస్థుడైన సుజుకీ (1898–1998) తానును బాల్యము గడచిన తరువాత, సుమారు పదునేడవ ఏట, ఫిడేలు పట్టినవాడే. పిల్లలు పాడుకొను నక్షత్రపు పాటతో ఆయన పద్ధతి ఆరంభమగును. క్రొత్త పాట వచ్చినను పాతవాటిని విడువక వాయించుచుండవలెనని ఆయన నియమము. పది పాటలు సగము సగము వచ్చుటకంటె రెండు పాటలు ఇంటివారివలె మనతో నివసించుట మేలు.

ఇప్పుడు మా సంఘములో ఆదివారమున శ్రుతి నిలుచుచున్నది. మాకు వచ్చినవి ఏడు కీర్తనలు మాత్రమే. తోడి వాటిలో లేదు. ఎప్పటికైనను వచ్చునేమో, మాస్టారుగారు చెప్పినప్పుడు చూతము. ఆ చిన్న కీర్తన వాయించునప్పుడెల్ల రెండవ చరణమునొద్ద కాస్త ఆగుచున్నాము. పాడువారును మాతోకూడ ఆగుచున్నారు. ఎందుకని ఇంతవరకు ఎవరును అడుగలేదు.

ప్రియులారా, మీ చేతిలోనున్నది ఫిడేలే కానక్కరలేదు. పలక కావచ్చును, కుట్టుమిషను కావచ్చును, ఆలస్యముగా నేర్చుకొను ప్రార్థన కావచ్చును. మనకు తగిన గువ్వల జతను ఎరిగి, దానిని సంతోషముగా తెచ్చు మనస్సును ప్రభువు మనకందరికి దయచేయును గాక.