బిరుదు కోసం ఆడడం తప్పా?

ముప్ఫై అయిదేళ్ళ మనిషి ఒకడున్నాడనుకుందాం. బాంకులో గుమాస్తా. చిన్నతనంలో అతడిని ఎవరూ మేధావి అనలేదు. చదరంగం మాత్రం బాగా ఆడతాడు. జిల్లా పోటీల్లో ఒకటి రెండు కప్పులు తెచ్చుకున్నాడు. ఇప్పుడతడికి ఒక కోరిక పుట్టింది: ఎట్లాగైనా మాస్టర్ పట్టా సంపాదించాలని. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, కాఫీ తాగి, బల్ల ముందు కూచుని నాలుగు గంటలు పనిచేస్తాడు. సెలవులన్నీ పోటీలకు పోతాయి. జీతంలో కొంత రైలు చార్జీలకూ, ప్రవేశ రుసుములకూ పోతుంది. ఈ మనిషి చేస్తున్నది మంచిపనా, చెడ్డపనా, మంచిచెడ్డలతో నిమిత్తం లేని పనా?

మనవాళ్ళలో దీనికి రెండు సమాధానాలు వినిపిస్తాయి. లోకంలో ఇన్ని బాధలుండగా అరవైనాలుగు గళ్ళలో తల దూర్చడం పలాయనమనీ, పైగా బిరుదు కోరడం పచ్చి వ్యక్తివాదమనీ మొదటివాళ్ళంటారు. వీరు లెనిన్‌ని కూడా సాక్ష్యానికి పిలుస్తారు. చదరంగం మనిషిని మరీ పట్టేసి పనికి అడ్డం వస్తున్నదని ఆయన ఆట మానుకున్నట్టు క్రూప్స్కయా రాసిన మాట నిజమే. అయితే 1908లో కాప్రీ ద్వీపంలో, గోర్కీ ఇంట, ఆయన బొగ్దానోవ్‌తో ఆడుతున్న ఫోటో కూడా ఉన్నది. ఇక మార్క్స్ సంగతి చెప్పనక్కర్లేదు. ఓడిపోతే ఆయన్ని ఇంట్లో భరించడం ఎంత కష్టమయ్యేదంటే, రాత్రిపూట తన భర్తతో చదరంగం ఆడవద్దని జెన్నీ మార్క్స్ లీబ్‌క్నెక్ట్‌కి కబురు పెట్టింది! కనక సాక్షులు ఇద్దరూ ఒకే మాట చెప్పడం లేదు. పైగా లెనిన్ ఆట మానితే ఆ గంటలు విప్లవానికి చేరాయి. మన గుమాస్తా మానితే ఎక్కడికి చేరతాయి? చాలామట్టుకు సెల్‌ఫోనుకి.

రెండోవాళ్ళు ఉదారులు. పోనిద్దురూ, తాగుడు కన్నా పేకాట కన్నా నయమే కదా అంటారు. ఈ ఔదార్యంలో చిన్నచూపు ఉన్నది. కాలక్షేపమే కావాలంటే అతడు ప్రతి ఆదివారం వీధి అరుగు మీద స్నేహితులతో ఆడి, గెలిచి, సంతోషంగా నిద్రపోవచ్చు. పట్టా కోరడంతో అతడు కాలక్షేపాన్ని వదులుకున్నాడు. తనను ఎవరో ఒకరు కఠినంగా తూచాలని కోరుతున్నాడు.

ఆ తూకం ఎట్లాంటిదో చూడాలి. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1924లో పారిస్‌లో పుట్టింది. గ్రాండ్‌మాస్టర్, ఇంటర్నేషనల్ మాస్టర్ బిరుదులను అది 1950లో ప్రారంభించింది. మన గుమాస్తా అంత ఎత్తుకు నిచ్చెన వెయ్యడం లేదు. 1978లో వచ్చిన ఫీడే మాస్టర్ అనే మెట్టు అతడికి చాలు. అందుకు 2300 రేటింగు చేరాలి. ఒక్కసారి చేరితే చాలు, తరవాత రేటింగు ఎంత పడిపోయినా బిరుదు జీవితాంతం ఉంటుంది. రేటింగు సాగులాంటిది, బిరుదు పేరుకు తగ్గట్టు పట్టాలాంటిది. సాగు మానేసినా పట్టా చేతిలో ఉండడమెట్లాగో మన పల్లెటూళ్ళు ఎరిగినవాళ్ళకు వివరించనక్కర్లేదు.

ఈ రేటింగు పద్ధతిని రూపొందించినవాడు ఆర్పద్ ఎలో. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆచార్యుడు. సమాఖ్య దాన్ని 1970లో స్వీకరించింది. ఇద్దరి మధ్య 200 తేడా ఉంటే బలమైనవాడు నూరు ఆటల్లో సుమారు 76 పాయింట్లు తెచ్చుకుంటాడని లెక్క. అంటే 2300 అనే అంకె ఆ మనిషి తలకాయలో ఉండే పదార్థం కాదన్నమాట. అతడికీ, తక్కిన ఆటగాళ్ళకీ మధ్య ఉన్న సంబంధం అది. ఎడారిలో ఒంటరిగా ఎంత సాధన చేసినా ఎవడికీ రేటింగు రాదు. సరుకు విలువ సరుకులో లేదు, మనుషుల సంబంధంలో ఉందని చదువుకున్నవాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం కాదు.

ఒకడి అంకె పెరగాలంటే ఇంకొకడిది తరగాలి కనక చదరంగం పెట్టుబడిదారీ పోటీకి నమూనా అనేవాళ్ళున్నారు. ఈ పోలిక పైపైది. బజారులో ఓడినవాడి కూడు పోతుంది. ఇక్కడ ఓడినవాడికి పోయేది ఒక సాయంత్రం. పైగా మంచి ఆట ఇద్దరు కలిసి చేసేది. ఎదుటివాడు మొండిగా అడ్డుకోకపోతే గొప్ప ఎత్తు పుట్టనే పుట్టదు. ఆట ముగిశాక ఎత్తులు రాసుకున్న కాగితాల మీద ఇద్దరూ సంతకం చేస్తారు. తన తప్పులన్నీ తన చేతిరాతతోనే నమోదై ఉంటాయి. ఆఫీసులో ‘సార్’ అనిపించుకునే మనిషి తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఓడిపోయి, వాడితో చెయ్యి కలిపి, సంతకం పెట్టి లేస్తాడు. ఇంత నిష్కర్షగా వయస్సునూ, కులాన్నీ, హోదానూ పక్కన పెట్టి తీర్పుచెప్పే చోట్లు మన సమాజంలో ఎన్ని ఉన్నాయి?

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కనక నా మనసు ఇక్కడ బిరుదుల చరిత్ర మీదికి పోతుంది. ప్రౌఢదేవరాయల కొలువులో గౌడడిండిమభట్టును ఓడించి, అతడి కంచుఢక్క పగలగొట్టించి, శ్రీనాథుడు కవిసార్వభౌముడయ్యాడని ప్రతీతి. అక్కడా పోటీయే. కానీ న్యాయనిర్ణేత రాజుగారు. రాజు ప్రాపకం పోయిన తరవాత ఆ సార్వభౌముడి ముసలితనం ఎట్లా గడిచిందో చాటువుల్లో చెప్పుకుంటారు. ఈ రోజుల్లో రాజులు లేరు. శాలువాలున్నాయి, బిరుదులిచ్చే సంస్థలున్నాయి, తన సన్మానానికి తానే హాలు అద్దె కట్టుకునే కవులున్నారు. అభ్యుదయం పేరు చెప్పుకునేవాళ్ళు కూడా ఈ ముచ్చటకు అతీతులు కారు. మనం ఆ గుమాస్తాను బిరుదు కాంక్ష అని వెక్కిరించే ముందు ఇది జ్ఞాపకముంచుకోవడం మంచిది. అతడి బిరుదును సభాధ్యక్షుడు ఇవ్వలేడు.

చదరంగంలో కల్తీ లేదని నా ఉద్దేశం కాదు. ముందే మాట్లాడుకుని డ్రా చేసుకోవడం ఉన్నది. గీత దాటేదాకా ఆడి, దాటాక రేటింగు కాపాడుకోవడానికి ఆడడమే మానేసేవాళ్ళున్నారు. వీళ్ళు ఆటను వదిలి అంకెను పట్టుకున్నారు. తూకం మీద నమ్మకంతో బయలుదేరి తూకం రాయినే దొంగిలించడం ఇది. వీళ్ళ గురించి ఎక్కువ రాయవలసిన పని లేదు.

కల్తీ కన్నా కష్టమైన ప్రశ్న మరొకటుంది: ఈ తూకం దగ్గరకు ఎవరు రాగలరు? 1930లో హాంబర్గ్‌లో జరిగిన ఒలింపియాడ్‌లో ఇద్దరు మనుషులు ఒకే హాల్లో ఆడారు. ఒకడు ఫ్రాన్సు జట్టులో మార్సెల్ దుషాం. రెండోవాడు ఇంగ్లండు జట్టుకు మొదటి బల్ల మీద కూచున్న పంజాబీ, మీర్ సుల్తాన్ ఖాన్.

దుషాం పేరు చిత్రకళ తెలిసినవాళ్ళందరికీ తెలుసు. మూత్రశాల తొట్టిని శిల్పమని 1917లో ప్రదర్శనకు పంపినవాడు. 1918–19లో బ్యూనస్ ఎయిరిస్‌లో ఉండగా చదరంగం అతడిని పట్టుకున్నది. 1923 నాటికి పెద్ద కళాఖండమొకటి అసంపూర్తిగా వదిలేసి ఆటలో పడ్డాడు. 1925లో నీస్ నగరంలో జరిగిన ఫ్రెంచి ఛాంపియన్‌షిప్‌కు గోడపత్రిక గీసినవాడూ, అందులో ఆడి సగం పాయింట్లు తెచ్చుకుని మాస్టర్ బిరుదు సంపాదించినవాడూ అతడే. అప్పటికి అతడి వయస్సు ముప్ఫై ఎనిమిది. మన గుమాస్తాకు ఇంతకన్న మంచి ఆదర్శం దొరకదు. ఆ తరవాత ఫ్రాన్సు జట్టులో నాలుగు ఒలింపియాడ్లు ఆడాడు. గెలిచిన ఆటలకన్న ఓడినవి చాలా ఎక్కువ. జాతీయ ఛాంపియన్ ఎన్నడూ కాలేదు. 1932లో హాల్బర్‌స్టాట్‌తో కలిసి రాజులూ బంట్లూ మాత్రమే మిగిలే ఒక ముగింపు గురించి పుస్తకం రాశాడు. ఆ స్థితి అసలు ఆటల్లో దాదాపు ఎదురుకాదు. నాకైతే ఆ పుస్తకం సంగతి తెలిసినప్పుడు అతడి మీద గౌరవం పెరిగింది. బిరుదు వచ్చి ఏడేళ్ళయినా, అతడు దేనికీ పనికిరాని సత్యం కోసం కూచుని పనిచేశాడు.

కానీ అన్నన్ని గంటలు కూచోవడానికి అతడికి కుటుంబపు ఆస్తి ఉన్నది, స్నేహితులున్నారు, కళాఖండాలు కొని అమ్మే దారి ఉన్నది.

సుల్తాన్ ఖాన్ తండ్రి దగ్గర మన దేశపు చదరంగం నేర్చుకున్నాడు. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. యూరపు నియమాలు అతడు పెద్దయ్యాక నేర్చుకున్నవి. 1929లో సర్ ఉమర్ హయాత్ ఖాన్ అనే భూస్వామి వెంట లండను వెళ్ళి, ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్ళీ అయ్యాడు. 1930–31 హేస్టింగ్స్ పోటీలో కాపబ్లాంకాని ఓడించాడు. 1931లో ప్రాగ్ ఒలింపియాడ్‌లో రూబిన్‌స్టైన్‌నీ, ఫ్లోర్‌నీ ఓడించాడు. ఉమర్ హయాత్ ఖాన్ ఇంట్లో అతడు సేవకుడా, ఆశ్రితుడా అన్న విషయంలో చరిత్రకారులకూ అతడి వంశీకులకూ పేచీ ఉన్నది. ఏ పేరు పెట్టినా ఒక సంగతి మారదు. బ్రిటిష్‌వాళ్ళకు నమ్మినబంటు అయిన ఆ భూస్వామి 1933 చివర ఇండియాకు తిరిగివచ్చేశాడు. సుల్తాన్ ఖాన్ కూడా వచ్చేశాడు. అంతర్జాతీయ రంగంలో అతడి ఆట అంతటితో ముగిసింది. అయిదేళ్ళు కూడా నిండలేదు.

1950లో సమాఖ్య మొదటి గ్రాండ్‌మాస్టర్ల జాబితా ప్రకటించినప్పుడు అందులో 27 పేర్లున్నాయి. ఎప్పుడో ఆట మానేసిన రూబిన్‌స్టైన్ పేరున్నది. రూబిన్‌స్టైన్‌ని ఓడించిన సుల్తాన్ ఖాన్ పేరు లేదు. అతడు 1966లో సర్గోధాలో చనిపోయాడు. 2024లో, చనిపోయిన 58 ఏళ్ళకు, గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చారు. ఇప్పుడు చెప్పండి, తూకం కులాన్నీ హోదానూ పక్కన పెడుతుందన్నమాట ఎంతవరకు నిజం? బల్ల ముందు కూచున్నాక నిజమే. బల్ల దాకా రావడానికీ, అక్కడ కూచుని ఉండడానికీ కావలసిన కాలం ఎవడి చేతిలో ఉందో బల్లకు తెలియదు.

ఈ సంగతి సోవియట్లు గ్రహించారు. 1924లో క్రిలెంకో నాయకత్వాన చదరంగాన్ని కార్మికుల్లోకి తీసుకుపోయే పని మొదలైంది. కర్మాగారాల్లో, కార్మిక సంఘాల్లో, పయొనీర్ భవనాల్లో బల్లలు వెలిశాయి. కింది తరగతుల నుంచి మాస్టర్ దాకా మెట్లు కట్టారు. యంత్రశాలలో పనిచేసేవాడికి మొదటి మెట్టు అందుబాటులో ఉండేది. ప్రపంచ ఛాంపియన్ బొత్వీన్నిక్ విద్యుత్ ఇంజనీరుగా పరిశోధన మానకుండానే ఆడాడు. ఇది గర్వించదగిన చరిత్రే. అయితే మనం దీన్ని సగమే చెప్పుకోవడానికి అలవాటుపడ్డాం. ఆట రాజ్యప్రతిష్ఠ అయిపోయాక ఆటగాడి కాలం మళ్ళీ అతడి చేతిలో లేకుండా పోయింది. ప్రాసిక్యూటరుగా ఎందరినో మృత్యువుకు పంపిన క్రిలెంకోను 1938లో ఆ రాజ్యమే కాల్చి చంపింది. తీరికను ప్రభువు ఇస్తే ప్రభువే తిరిగి తీసుకుంటాడు. ఆ ప్రభువు ఎర్రజెండా పట్టుకున్నా ఇది ఇంతే.

కనక గుమాస్తా కోరికను తప్పుపట్టే ముందు అతడి నాలుగు గంటల గురించి ఆలోచించాలి. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల నిద్ర, ఎనిమిది గంటలు మన ఇష్టం అని కార్మికులు పోరాడినప్పుడు ఆ మూడో ఎనిమిదిని ఉపయోగకరమైన పనులకే వాడతామని ఎవరికీ హామీ రాసివ్వలేదు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువకులు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025లో ఎల్ అండ్ టి అధిపతి 90 గంటలన్నారు. అదే ఏడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ రోజుకు పది గంటల పనికి దారి తెరిచాయి. ఈ లెక్క ప్రకారం గుమాస్తాకు చదరంగం ఉండదు, సంగీతం ఉండదు, సంఘం మీటింగూ ఉండదు. బిరుదు కావాలనే మొండిపట్టుతో అతడు ఆ గంటలను యజమానికి ఇవ్వకుండా దాచుకుంటున్నాడు. దాన్ని పలాయనమనడానికి నాకు నోరు రాదు.

అయితే అతడు యజమాని దగ్గర నుంచి మాత్రమే గంటలు తెచ్చుకుంటున్నాడా? 1927లో దుషాం పెళ్ళి చేసుకుని, కొత్త కాపురంలో రాత్రులు కూడా చదరంగం సమస్యలతో గడిపితే, విసిగిపోయిన భార్య పావులన్నిటినీ బల్లకు జిగురుతో అంటించేసిందని అతడి మిత్రులు చెప్పుకునేవాళ్ళు. ఏడాది తిరగకముందే విడాకులు. కళాచరిత్రలో ఇది హాస్యకథగా చెలామణీ అవుతోంది. నాకు నవ్వు రాదు. ఆమె అడిగినది తన వాటా.

మన గుమాస్తాకు కలిగిన కోరికే అతడి భార్యకు కలిగిందనుకోండి. ఆడవాళ్ళకు విడిగా మాస్టర్ బిరుదు ఉన్నది, దానికి 2100 చాలు. ఆ తగ్గింపును ఇష్టపడనివాళ్ళున్నారు. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళ వయస్సులో మగవాళ్ళు తెచ్చుకునే గ్రాండ్‌మాస్టర్ బిరుదే తెచ్చుకున్నది. కానీ ఆమె వెనక, కూతురి ఆట కోసం కాలేజీ ఉద్యోగం వదులుకున్న తండ్రి అశోక్ ఉన్నాడు. గుమాస్తా భార్య వెనక ఎవరున్నారు? ఆమె నాలుగు రోజులు పోటీకి వెళితే పిల్లలకు అన్నం వండేదెవరు? సాయంత్రం కాఫీ తాగి బల్ల ముందు కూచుంటాడని మొదట్లో రాశాను. ఆ కాఫీ ఎవరు పెట్టారో నేనూ రాయలేదు, మీరూ అడగలేదు. ఆమె రోజు ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగుస్తుందో అతడిని అడిగి చూడండి. 2300కి ఇంకా ఎన్ని పాయింట్లు కావాలో చెప్పినంత గబుక్కున చెప్పలేడు.